సరళవృక్షం: పేరూ, పుట్టినచోటూ

శంషాబాదు విమానాశ్రయానికి ఆత్మీయులను సాగనంపటానికి వెళ్ళేవారి కంటపడని దిక్కు ఒకటి ఉన్నది. అది సరకులు దిగే దిక్కు. దూరదేశాల నుంచి వచ్చే యంత్రభాగాలు, ఔషధాల తయారీకి కావలసిన సామగ్రి, గాజు పరికరాలు అక్కడ పచ్చని చెక్కపెట్టెలలో దిగుతాయి. లోపలి వస్తువుకు సంబంధించిన కాగితాలు కట్టలుగా ఉంటాయి గాని, పెట్టెకు మాత్రం ఒక ముద్రే ఆధారం. గోధుమవెన్ను బొమ్మ, దాని ప్రక్కన దేశాన్ని తెలిపే రెండక్షరాలు, ఒక సంఖ్య, చివర మరి రెండక్షరాలు. ఈ ముద్ర పద్ధతిని 2002లో అన్ని దేశాలకూ వర్తించేటట్లు నిర్ణయించారు. చివరి అక్షరాలు హెచ్. టి. అని ఉంటే, ఆ చెక్క లోపలి మధ్యభాగానికి సైతం 56 డిగ్రీల సెంటిగ్రేడు వేడి 30 నిమిషాల పాటు ఎడతెగకుండా తగిలేటట్లు కాచారని అర్థం. చెక్కలో దాగి ప్రయాణం చేసే పురుగులు చావటానికి ఈ ఏర్పాటు.

మొన్న వేసవిలో మా మేనల్లుడు తన సంస్థకు వచ్చిన ఒక పరికరాన్ని విడిపించుకోవటానికి వెళుతూ నన్నూ వెంటబెట్టుకు పోయినాడు. ఆ ముద్రను చదివి, దాని సంగతి నాచేత చెప్పించుకొని, అతడొక ప్రశ్న వేశాడు.

“దేశం పేరు వేశారు, కాచిన పద్ధతి వేశారు. చెట్టు పేరు వేయలేదేం మామయ్యా?”

నేను వాసన చూచి, “పైను చెక్కరా” అన్నాను.

“పైనంటే ఏ పైను?”

నావద్ద సమాధానం లేదు. ప్రక్కన పెట్టెలు దింపుతున్న పెద్దమనిషి మాత్రం ఏమాత్రం సందేహం లేకుండా “చీడ్ లక్డీ హై సాబ్” అన్నాడు. హైదరాబాదు కలప అడితీలలో తెల్లని మెత్తని చెక్క ఏది వచ్చినా చీడ్ అనే అంటారు. అది ఏ ఖండంలో పెరిగినా సరే. నిజానికి చీడ్ లేక చీర్ అన్నది హిమాలయ సానువులలో పెరిగే ఒకే ఒక పైను జాతికి అక్కడివారు పెట్టుకున్న పేరు. ఆ చెట్టుకు శాస్త్రజ్ఞులు పెట్టిన పేరులో మన గోదావరి మండలంలో పన్నెండేళ్ళు కాపురమున్న ఒక వైద్యుని పేరు నిలిచి ఉన్నది. మేనల్లుని ప్రశ్న పట్టుకొని పాతపుస్తకాలు తిరగవేస్తే, ఆ పేరు వెనుక పెద్ద కథ ఉన్నదని తేలింది.

ముందు మన నేల సంగతి. శంషాబాదు చుట్టుపట్ల ఎర్రమన్ను, దాని అడుగున గ్రానైటు రాయి. గగన్‌పహాడ్ వైపు ఆ రాయి గుండ్లుగుండ్లుగా పైకే కనిపిస్తుంది. 2008 మార్చిలో ఈ విమానాశ్రయం తెరవటానికి ముందు ఆ ప్రాంతమంతా సీతాఫలం, తుమ్మ, మోదుగు పెరిగే మెట్టభూమి. ఇక్కడ స్వతస్సిద్ధంగా మొలిచే పైను లేదు. ఇక్కడనే గాదు, తెలుగుదేశమంతా గాలించినా అడవిలో తనంతట మొలిచిన పైను కనపడదు. పైను, దేవదారు మొదలైన వాటి కాయలు శంకువుల ఆకారంలో ఉంటాయి కనుక వాటిని శంకువృక్షాలంటారు. వింధ్యకు దక్షిణాన ఆ వర్గానికి చెందిన సహజవృక్షం ఒక్కటే; అదీ పడమటి కనుమల దక్షిణపు కొసన తేమకొండలలో ఉన్నది. మన తీరంలోని సరుగుడు తోటలను చూచి, ఆ సన్నని రెమ్మలూ చిన్న కాయలూ పైనుకు చుట్టాలనుకునేవారున్నారు గాని, సరుగుడు పూలు పూచే చెట్ల వర్గానికి చెందినది. ఇక బేగంబజారు దుకాణాలలో బాదం, పిస్తాల ప్రక్కన పోసి అమ్మే చిల్గోజా గింజ మాత్రం అసలైన పైను గింజే. అది ఆఫ్ఘనిస్తాను నుంచి, హిమాచలంలోని కిన్నౌరు నుంచి వస్తుంది. అదికూడా పైనే, కాని చీర్ కాదు. పైను వంశంలో నూరుకు పైగా జాతులున్నవి.

చెట్టును చూడని మనకు దాని పేరు మాత్రం ఏనాటి నుంచో తెలుసు. వీధిబడిలో అమరం వల్లించిన తాతలకు సరళవృక్షమంటే తెలియకపోదు. కాళిదాసు కుమారసంభవం మొదటి సర్గలో హిమాలయాన్ని వర్ణిస్తూ, ఏనుగులు చెక్కిళ్ళు రాచుకునే సరళవృక్షాలను చెప్పాడు. ఆ సరళమే నేటి చీర్ పైను. దాని జిగురుకు సరళద్రవమని పేరు. అయితే నిఘంటుకారునికి కూడా ఈ చెట్ల విషయంలో చిక్కు తప్పలేదు. పూతికాష్ఠమన్న పదాన్ని ఆయన దేవదారుకూ చెప్పాడు, సరళానికీ చెప్పాడు. రెండూ జిగురు వాసన వేసే కొండచెట్లే. దూరాన మైదానంలో ఉండి పర్యాయపదాలు కూర్చేవానికి రెండూ ఒకటిగా తోచితే ఆశ్చర్యం లేదు.

తెలుగువారు మరొక అడుగు ముందుకు వేశారు. దేవదారు మనకు లేదు గనుక ఆ పేరును వేరొక చెట్టుకు ఇచ్చుకున్నారు. రాయలసీమ మెట్టలలో, తూర్పు కనుమల పొడి అడవులలో దేవదారి లేక గదిరి అనే చిన్న చెట్టు ఉన్నది. దాని చేవ ఎర్రగా, సువాసనగా ఉంటుంది. 1876–78 నాటి పెద్ద కరవులో దీని ఆకులు తిని ప్రాణాలు నిలుపుకున్నవారున్నారు. హిమాలయ దేవదారుకూ దీనికీ ఏ విధమైన చుట్టరికమూ లేదు. చేవలోని వాసనను బట్టే పేరు వచ్చి ఉంటుందని నా ఊహ. విచిత్రమేమంటే, ఈ దేవదారిని మొదట శాస్త్రరీత్యా వర్ణించి 1798లో ప్రకటించినవాడు, అసలు దేవదారుకూ, సరళానికీ శాస్త్రనామాలు సూచించినవాడు ఒక్కడే. ఆయన డాక్టర్ విలియం రాక్స్‌బరో.

రాక్స్‌బరో స్కాట్లండులో 1751లో పుట్టాడు. ఎడింబరోలో వైద్యమూ, వృక్షశాస్త్రమూ చదివి 1776లో మద్రాసులో ఈస్టిండియా కంపెనీ వైద్యోద్యోగంలో చేరాడు. 1781లో సామర్లకోట వచ్చి 1793 వరకు అక్కడ ఉన్నాడు. ఆ దండు ఊరిలో ఆయన ఒక ప్రయోగోద్యానం వేశాడు. మిరియాలు, చెరకు, నీలి మొదలైనవి పెంచి చూచాడు. మన అడవులలోని పాలచెట్టు ఆకు నుంచి నీలిరంగు తీయవచ్చునని చూపాడు. ఎండలనూ వానలనూ లెక్కపెట్టి వ్రాసుకున్నాడు. 1790 ప్రాంతాల ఉత్తర సర్కారులను పీడించిన అనావృష్టి ఆయన కళ్ళముందు జరిగినదే.

నాకు ఆయనలో నచ్చిన గుణం ఒకటున్నది. మొక్కను వర్ణించేటప్పుడు తెలింగావారు దీనిని ఏమంటారని విచారించి, ఆ మాటను తన చెవికి వినబడినట్లు ఇంగ్లీషు అక్షరాలలో వ్రాసుకునేవాడు. ఆ చెట్టు ఏ కొండమీద, ఏ నేలలో, ఏ మాసంలో పూచేదీ వ్రాసేవాడు. బొమ్మలు వేయటానికి ఇక్కడి చిత్రకారులనే నియమించాడు. వారి పేర్లు ఆ పుస్తకాల మీద లేకపోవటం మాత్రం విచారించవలసిన విషయం. కోరమాండల్ తీరపు మొక్కలన్న ఆ మహాగ్రంథం మూడు సంపుటాలుగా, మూడువందల చిత్రపటాలతో 1795లో లండనులో మొదలై, ఆయన చనిపోయిన తరువాత గాని పూర్తి కాలేదు. మన సోమిద చెట్టు బెరడు జ్వరానికి పనికివస్తుందని ఆయన చేసిన ప్రచారం ఫలితంగా ఆ తెలుగు మాట శాస్త్రంలోకి ఎక్కింది. 1830లో ఆ చెట్టు వంశానికే సోయ్‌మిడా అని పేరు పెట్టారు.

1793లో ఆయనను కలకత్తా ఉద్యానానికి అధిపతిగా పంపించారు. దేశం నలుమూలల నుంచి ఆ తోటకు విత్తనాలు, మొక్కలు, ఎండు కొమ్మలు చేరేవి. ఉత్తరపు కొండల పైనులకు ఆయన పేర్లు నిర్ణయించినది ఆ రోజులలోనే. మూడేసి సూదులు ఒక గుత్తిగా, జానెడుకు మించిన పొడవుగా ఉండే సరళానికి, పొడవాటి ఆకులది అనే అర్థంలో పైనస్ లాంగిఫోలియా అని పేరిచ్చాడు. దానిని 1803లో లాంబర్టు అనే ఆంగ్లేయుడు పైనుల మీద అచ్చువేసిన గొప్ప గ్రంథంలో చేర్చాడు. అంతా సవ్యంగానే జరిగినట్లు తోచింది. తొంభై ఏళ్ళకు పైగా లోకమంతా ఆ పేరే వాడింది.

అయితే వృక్షనామాలకు ఒక ధర్మశాస్త్రం ఉన్నది. ఒకసారి ఒక చెట్టుకు పెట్టిన పేరు మరొక చెట్టుకు చెల్లదు. సాలిస్‌బరీ అనే ఆయన 1796లోనే అమెరికాలోని ఒక పైనుకు అదే పేరు పెట్టి ఉన్నాడు. ఆ చెట్టుకు అంతకు పూర్వమే వేరొక పేరున్నందువలన సాలిస్‌బరీ పేరు నిలవలేదు. తాను నిలవకపోయినా తరువాత వచ్చినదానికి దారి మూసివేసింది. బోస్టను నగరంలోని వృక్షోద్యానానికి అధిపతి సార్జెంటు 1897లో ఈ సంగతి గుర్తించి, హిమాలయ సరళానికి కొత్తగా పైనస్ రాక్స్‌బర్గి అని నామకరణం చేశాడు. అప్పటికి రాక్స్‌బరో గతించి ఎనభై రెండేళ్ళయింది. ఉద్యోగజీవితమంతా కోరమాండల్ తీరంలోనూ, కలకత్తాలోనూ గడిపినవాని పేరు ఆఫ్ఘను సరిహద్దు నుంచి భూటాను వరకు కొండల వెంట వ్యాపించిన చెట్టుకు ఈ విధంగా దక్కింది.

ఇంతవరకు కథ పేరును గురించి. పేరు స్థిరపడినంతమాత్రాన మేనల్లుని ప్రశ్న తీరదు. రెండువేల కిలోమీటర్లకు పైగా పొడవున, ఐదువందల మీటర్ల ఎత్తు నుంచి రెండువేల మీటర్ల పైవరకు పెరిగే ఒక చెట్టు అన్నిచోట్లా ఒకటేనా? తేడా కనిపిస్తే అది నేల వలన వచ్చినదా, విత్తనంలోనే ఉన్నదా?

ఈ రెండింటిని వేరుచేయటం ఎంత కష్టమో తెలియటానికి హైదరాబాదు ఇళ్ళ ఆవరణలలోనే ఒక ఉదాహరణ ఉన్నది. అంతస్తులు అంతస్తులుగా కొమ్మలు వేసి గోపురంలా పెరిగే చెట్టును మనం క్రిస్మసు చెట్టు అంటాము. తోటమాలులు దానిని నార్‌ఫోక్ పైను అని అమ్ముతారు. వేడిదేశాలలో ఆ పేరుతో అమ్మేవాటిలో చాలావరకు నార్‌ఫోక్ దీవివి కావు, న్యూ కాలెడోనియా దీవికి చెందిన కుక్ పైనులు. 1774లో కుక్ నావికుని ఓడ ఆ దీవి చేరినప్పుడు దూరం నుంచి రాతిస్తంభాలుగా భ్రమ కలిగించినవి అవే. పేరుకు పైను గాని ఇదీ వేరొక వంశపు శంకువృక్షమే. 2017లో కొందరు శాస్త్రజ్ఞులు ఐదు ఖండాలలో 256 కుక్ పైనులను కొలిచి ఒక చిత్రం ప్రకటించారు. ఉత్తరార్ధగోళంలో ఉన్నవి దక్షిణానికి, దక్షిణార్ధగోళంలో ఉన్నవి ఉత్తరానికి, అంటే భూమధ్యరేఖ వైపుకు ఒరిగి ఉన్నవట. సగటున ఎనిమిదిన్నర డిగ్రీలు. భూమధ్యరేఖకు ఎంత దూరమైతే ఒరుగు అంత ఎక్కువ. ఒకే జాతి చెట్టు స్థలాన్ని బట్టి ఇట్లా వాలటం స్థలప్రభావమే అనిపిస్తుంది. మీ ఇంటి ముందర ఆ చెట్టు ఉంటే దక్షిణపు గోడకు ఎంత దూరంలో ఉన్నదో ఒకసారి చూచుకోండి.

విత్తనప్రభావాన్ని తేల్చటానికి ఒక ఉపాయం ఉన్నది. వేరువేరు చోట్ల నుంచి విత్తనాలు తెచ్చి, ఒకే నేలలో ప్రక్కప్రక్కన నాటి, ఏళ్ళ తరబడి వేచి చూడాలి. నేల ఒకటే, వాన ఒకటే అయినప్పుడు మిగిలే తేడా విత్తనానిది. ఫ్రాన్సు దేశంలో విల్మొరాన్ అనే విత్తనాల వ్యాపారి వంశీకుడు 1821లో లే బార్ అనే చోట భూమి కొని ఈ పని ప్రారంభించాడు. అప్పటి నౌకలకు కావలసిన నిటారైన స్తంభాలు బాల్టిక్ తీరంలోని రీగా రేవు నుంచి వచ్చేవి. అక్కడి స్కాట్సు పైను బాణంలా పెరిగేది. ఫ్రాన్సులో పెరిగే అదే జాతి వంకరలు పోయేది. నేల దోషమా, జాతి దోషమా అని అందరూ తర్కిస్తుండగా ఆయన రీగా విత్తనాన్నీ, తక్కిన చోట్ల విత్తనాన్నీ ప్రక్కప్రక్కన నాటించాడు. నలభై ఏళ్ళ అనంతరం, 1862లో, ఫలితాలు ప్రకటించిన నాటికి రీగా విత్తనపు చెట్లు ఫ్రాన్సు నేలలో కూడా నిటారుగానే నిలిచి ఉన్నవి. ఆ సంవత్సరమే ఆయన చనిపోయాడు. ఒక ప్రశ్నకు సమాధానం కోసం జీవితంలో సగం కాచుకొని కూర్చున్న మనిషిని తలచుకుంటే నాకు ఎంతో గౌరవం కలుగుతుంది.

మన దేశంలో ఇదే ప్రశ్న రైలుపట్టాల క్రింద తలయెత్తింది. చీర్ కలపకు మందునూనె పట్టించి పట్టాల కింద దిమ్మెలుగా వాడేవారు. కుమావూను మొదలైన చోట్ల కొన్ని అడవులలో చీర్ మానులోని పీచు త్రాడు పేనినట్లు మెలికలు తిరిగి ఉండేది. అట్టి మాను కోస్తే దిమ్మె ఆరేటప్పుడు వంకర తిరుగుతుంది, పలక పనికిరాదు. డెహ్రాడూను అటవీ పరిశోధనాలయంలో చాంపియన్ అనే అధికారి 1920 తరువాతి సంవత్సరాలలో ఈ మెలికను పట్టుకొని పరిశోధించాడు. మెలిక కొంతవరకు విత్తనంతోనే సంక్రమిస్తుందని ఆయన పరీక్షలు చూపాయి. ఊళ్ళకు దగ్గర అడవులలో మెలిక ఎక్కువగా ఉండటానికి ఒక వివరణ ఉన్నది. తరతరాలుగా జనం నిటారు చెట్లను కొట్టుకుపోయారు. పనికిరానివని విడిచిన మెలిక చెట్లే విత్తనం రాల్చి అడవిని నింపాయి. 1933లో ఆయన అటవీశాఖలకు ఒక హెచ్చరిక గ్రంథం వ్రాశాడు. విత్తనం ఏ జాతిదో తెలియటం చాలదు, ఏ చోటిదో తెలియాలి అన్నది దాని సారాంశం. టేకు విషయంలో తెలుగువారికి ఈ సంగతి కొత్త కాదు. గోదావరి టేకుకు పీచు అందం, మలబారు టేకుకు ఎదుగుదల వేగం అని వడ్రంగులూ అడితీవారూ ఏనాడో చెప్పుకున్నారు. జాతి ఒకటే.

ఇక్కడ పండితులలో పెద్ద వాదం బయలుదేరింది. చోటును బట్టి తేడాలుంటే, ఒక్కొక్క చోటి చెట్టుకు ఒక్కొక్క పేరు పెట్టవద్దా? స్వీడనులో ట్యూరెసన్ 1922లో, ఒక్కొక్క పరిసరానికి ఒక్కొక్క తెగ ఏర్పడుతుందని ప్రతిపాదించాడు. అదే దేశంలో లాంగ్‌లెట్ స్కాట్సు పైను మీద పనిచేసి 1936లో వేరొక చిత్రం చూపాడు. దక్షిణం నుంచి ఉత్తరానికి పోయేకొద్దీ చెట్టు గుణం మెల్లమెల్లగా మారుతూ పోతుంది గాని, ఇక్కడ ఒక తెగ ముగిసి అక్కడ ఒక తెగ మొదలైందని గీత గీయటానికి వీలులేదన్నాడు. తెనాలి మాట శ్రీకాకుళం మాటగా మారటానికి మధ్య ఏ ఊరి పొలిమేర దగ్గర గీత గీస్తారు? భాషను గురించి మనం రోజూ ఎదుర్కొనే ఇబ్బందే పైనుల విషయంలో వారికి ఎదురైంది.

నిజంగానే గీతలు గీసి, చెరిపి, మళ్ళీ గీసిన కథ ఖాసీ పైనుది. మేఘాలయలోని ఖాసీ కొండల పేరు మీద 1840లో దానికి పైనస్ కెసియా అని పేరు వచ్చింది. ఫిలిప్పీన్సులో బాగియో నగరం చుట్టూ ఉన్న పైనుకు 1847లో ఇన్సులారిస్ అనీ, వియత్నాం కొండలలోని దానికి 1944లో లాంగ్బియానెన్సిస్ అనీ పేర్లు పెట్టారు. మూడు దేశాలు, మూడు పేర్లు, ముగ్గురు పండితులు. తరువాత బర్మా, థాయిలాండు, యున్నాన్ కొండల చెట్లను కూడా ఒక్కచోట చేర్చి చూస్తే మధ్యలో ఎక్కడా తెంపు కనిపించలేదు. నేడు ఎక్కువమంది మూడింటినీ ఒకే జాతిగా లెక్కించి మొదటి పేరునే నిలుపుతున్నారు. సముద్రం మధ్యలో ఉన్నదని ఫిలిప్పీన్సు చెట్టును వేరుగా ఉంచేవారు ఇంకా ఉన్నారు. వారి పట్టుదలలోనూ న్యాయం లేకపోలేదు.

కరీబియన్ పైను కథ దీనికి తలక్రిందులు. అక్కడ కలిసిపోయినవాటిని విడదీయవలసివచ్చింది. క్యూబా సమీపంలోని ఒక దీవి చెట్టును చూచి మొరెలె 1851లో పైనస్ కరీబియా అని పేరు పెట్టాడు. ఆ తరువాత అమెరికావారు తమ ఫ్లోరిడా ప్రాంతపు పైనును కూడా అందులో కలిపివేసి, శతాబ్దం మధ్యవరకు అదే పేరుతో విత్తనాలు లోకమంతటా పంపారు. అది వేరు జాతి అని 1950 తరువాతి సంవత్సరాలలో గాని స్థిరపడలేదు. అంతకు ముందు కరీబియన్ పైనని నాటిన తోటలు కొన్ని నిజానికి ఆ చెట్టువి కావన్నమాట. మిగిలిన అసలు జాతిని బారెట్, గొల్ఫారి అనే ఇద్దరు 1962లో మూడు రకాలుగా విభజించారు. క్యూబా రకం, బహామా రకం, హోండురాసు రకం. పోల్చటానికి వారు చూచినవి చాలా చిన్న గుర్తులు. క్యూబా రకంలో విత్తనానికి రెక్క అతుక్కొని ఉంటుంది. హోండురాసు రకంలో సాధారణంగా విడివడి వస్తుంది. గుత్తికి సూదులు ఎన్ని అన్నది మరొక గుర్తు. చూడటానికి ఇవి అల్పమైనవే గాని తోటలో తేడా అల్పం కాదు. హోండురాసు రకం వేడి మైదానాలలో వేగంగా పెరుగుతుంది, కాని కొన్నిచోట్ల కొమ్మలే వేయకుండా నక్కతోకలాగా మీటర్ల కొద్దీ పైకి పోతుంది. పెద్దగాలి వీస్తే విరుగుతుంది. క్యూబా రకం నెమ్మది, నిటారు.

ఈ వేడిదేశపు పైనులను నాటిన చోట్లలో మన తూర్పు కనుమలు కూడా ఉన్నవి. అరకు, అనంతగిరి కొండల పైను తోటలను విహారయాత్రికులు బాగా ఎరుగుదురు. చలనచిత్రాలలో అవి కాశ్మీరానికి బదులు నిలుస్తుంటాయి. అక్కడ ఆ పొడవాటి నీడలలో, రాలిన సూదుల పరుపు మీద నడుస్తున్నప్పుడు ఏ కొండ విత్తనం ఇది అన్న ప్రశ్న ఎవరికీ కలగదు. నాకూ మొదటిసారి వెళ్ళినప్పుడు కలగలేదు. విత్తనం నాటినవాడు చెట్టు కోయటానికి ఉండడు. ఆ రెండింటి మధ్య ముప్పై నలభై ఏళ్ళు గడుస్తాయి. విత్తనపు సంచి మీది చీటీ ఒకటి జారిపోతే పొరపాటు బయటపడేది మనుమల కాలానికి.

ఇక ఆ చెక్కపెట్టె ముద్ర దగ్గరకు వస్తాను. కరీబియన్ పైనులో బహామా రకం పెరిగే దీవులు బహు కొద్ది. వాటిలో దక్షిణపు కొసన ఉన్నవి టర్క్స్, కైకోస్ దీవులు. 2005లో అక్కడి పైనులకు ఒక పొలుసుపురుగు పట్టినట్లు కనుగొన్నారు. ఉత్తర అమెరికా నుంచి క్రిస్మసు పండుగకు దిగుమతి చేసుకున్న చెట్లతో అది వచ్చి ఉంటుందని అభిప్రాయపడ్డారు. తన పుట్టినచోట ఆ పురుగు పైనులకు పెద్ద హాని చేయదు. ఈ దీవులలో దానికి శత్రువు లేదు, చెట్టుకు ఎదిరించే శక్తి లేదు. పదేళ్ళు దాటేసరికి అక్కడి పైనులలో 90 శాతానికి పైగా నశించాయి. 2008లో ఇంగ్లండులోని క్యూ ఉద్యానంవారి సహాయంతో ఆ దీవివాసులు మిగిలిన చెట్ల విత్తనాలు సేకరించి, నారు పెంచి, తిరిగి నాటే పని చేపట్టారు. అదే జాతి పైనులు మధ్య అమెరికాలోనూ, తోటల రూపంలో ఎన్నో ఖండాలలోనూ లక్షల సంఖ్యలో ఉన్నవి గదా, ఎందుకింత శ్రమ అని అడిగేవారికి విత్తనం రెక్క సంగతి చెప్పవలసి వస్తుంది. హోండురాసు విత్తనం తెచ్చి కైకోసులో చల్లితే పైను తోట పెరగవచ్చు. ఆ దీవి ఉప్పుగాలినీ, పలుచని సున్నపురాతి నేలనూ వేల ఏళ్ళు భరించి నిలిచిన చెట్టు మాత్రం తిరిగి రాదు.

పచ్చిచెక్కలో ప్రయాణం చేసే పురుగు మరొకటి జపానులో ఇంతకన్నా పెద్ద నష్టం చేసింది. అది కంటికి కనిపించనంత సన్నని నులిపురుగు. పుట్టినిల్లు ఉత్తర అమెరికా. అక్కడి పైనులు దానితో కలిసి బ్రతకనేర్చినవి. జపాను పైనులు ఒక్క ఋతువులో ఎండిపోతాయి. 56 డిగ్రీల వేడి, 30 నిమిషాల గడువు నిర్ణయించటంలో ప్రధానంగా దృష్టిలో పెట్టుకున్నది ఈ పురుగునే. చెట్టు ఎక్కడ పుట్టినదీ, పురుగు ఎక్కడ పుట్టినదీ అన్న లెక్క శంషాబాదు సరకుల కొట్టు దాకా ఈ విధంగా వచ్చింది.

మా మేనల్లుడు ఆ పెట్టె చెక్కలను పారవేయలేదు. చిత్రిక పట్టించి, మా ఇంట్లో రేడియో పెట్టుకోవటానికి ఒక చిన్న బల్ల చేయించి తెచ్చాడు. ముద్ర ఉన్న పలకను కావాలనే ముందువైపుకు వేయించాడు. కొత్తలో వారం రోజులు గది అంతా సరళద్రవం వాసన వేసింది. గోధుమవెన్నూ, దేశపు రెండక్షరాలూ ఇప్పటికీ స్పష్టంగా కనిపిస్తున్నవి. చెట్టు ఏ జాతిదని ఇంటికి వచ్చినవారు అడిగితే మా ఆవిడ చీడ్ చెక్క అనే చెబుతున్నది. నేను సవరించటానికి ప్రయత్నించలేదు.